పర్లాకిమిడిలో యూరిన్ కల్చర్: లోపలి గదికి నాలుగు స్టార్లు, కౌంటర్‌కి ఒకటి

ల్యాబ్ పేరు రాయడం లేదు, ముందే చెప్పేస్తున్నా. పర్లాకిమిడిలో పొద్దున్న ఎవరి గురించైనా ఒక మాట అంటే సాయంత్రానికి అది పాతపట్నం దాకా వెళ్లిపోతుంది, ఆ తర్వాత బజారులో ఎదురుపడితే నవ్వాలో తల తిప్పుకోవాలో తెలీదు. కానీ ఇక్కడి మన తెలుగిళ్లలో పెద్దవాళ్లకి మాటిమాటికీ యూరిన్ ఇన్ఫెక్షన్ రావడం, వచ్చినప్పుడల్లా మెడికల్ షాపుకెళ్లి "మొన్న ఇచ్చినవే ఇయ్యి బాబూ" అనడం నేను చాలా చూశాను. మేమూ అదే చేశాం. చేసి ఎక్కడ తేలామో చెప్దామనే ఈ రివ్యూ.

పేషెంట్ మా అత్తగారు. అరవై మూడేళ్లు. సంక్రాంతి వెళ్లాక మొదలైంది: మంట, ఊరికే పోవాలనిపించడం, రాత్రిళ్లు చలిజ్వరం. షాపులో సెఫిక్సిమ్ ఇచ్చారు, ఐదు రోజుల్లో సర్దుకుంది. నెలన్నరకి మళ్లీ అదే గొడవ, మళ్లీ అదే స్ట్రిప్. ఈసారి మూడో రోజుకే తగ్గిందని మిగతా మాత్రలు పంచదార డబ్బా వెనక దాచేసింది, అవసరానికి ఉంటాయని. మధ్యలో పాతపట్నంలో పెళ్లి భోజనం తిని మోషన్స్ పట్టుకుంటే ఒఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్రలు మూడు రోజులు. మోషన్స్ మాత్రలకీ యూరిన్ మంటకీ ఏం సంబంధం అనుకోకండి, కథంతా అక్కడే ఉంది. మూడోసారి మంట వచ్చినప్పుడు పంచదార డబ్బా వెనకవి తీసి వేసుకుంది. పిసరంత కూడా తగ్గలేదు.

అప్పుడు వీధి చివర ఆర్‌ఎంపీ గారు రెండు పూటలు అమికాసిన్ ఇంజెక్షన్ వేసి, ఒకసారి కల్చర్ చేయించుకోండమ్మా అన్నారు (మూత్రాన్ని ప్లేటు మీద పూసి, అందులో ఏ బ్యాక్టీరియా మొలుస్తుందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చూసే టెస్టు). వేరే ల్యాబ్‌కి వెళ్లాం (దాని పేరు కూడా రాయను). మందులేమైనా వాడుతున్నారా అని ఒక్కరూ అడగలేదు. డబ్బు కట్టించుకున్నారు, సీసా ఇచ్చారు, మూడో రోజు "నో గ్రోత్" అని కాగితం చేతిలో పెట్టారు. ఏమీ మొలవలేదట. ఇంజెక్షన్ మందంతా మూత్రంలోంచే బయటికి పోతుంది కదా, మందు కలిసిన మూత్రాన్ని ప్లేటు మీద పూస్తే ఏం మొలుస్తుంది? ఇన్ఫెక్షన్ లేదన్నారని మేం సంబరపడి ఇంజెక్షన్లు ఆపేశాం. వారానికల్లా జ్వరం నూట రెండు.

నేను బీఎస్సీలో మైక్రోబయాలజీ చదివాను. పెళ్లయ్యాక ఆ పుస్తకాలు అటకెక్కాయి. చదువుకున్నదాన్ని అయ్యుండి మొదటిసారే కల్చర్ అని అనలేకపోయానని నా మీద నాకే కోపం.

ఇక అసలు ల్యాబ్. లోపల ఉండే టెక్నీషియన్ ఒడియా అబ్బాయి, తెలుగు మనలాగే మాట్లాడతాడు. మేం వెళ్లగానే అడిగిన మొదటి ప్రశ్న, "దీదీ, యాంటీబయాటిక్ ఆఖరిసారి ఎప్పుడు వేసుకున్నారు?" ఈ ఒక్క ప్రశ్నకి ఒక స్టార్ ఇచ్చేస్తున్నా. ఇంజెక్షన్ ఆపి వారం అయిందని చెప్పాక అయితే పర్వాలేదన్నాడు. శుభ్రంగా కడుక్కుని, మొదట వచ్చేది వదిలేసి, మధ్యలోది పట్టాలని, మూత లోపలివైపు వేలు తగలకూడదని అత్తగారికి సిగ్గనిపించకుండా నెమ్మదిగా చెప్పాడు.

అంతా చెప్పాడు గానీ వాళ్ల బాత్రూమ్‌కి వెళ్తే గడియ లేదు, కుళాయిలో నీళ్లు లేవు, ఒక బకెట్, అందులో ఎవరెవరు ముంచారో తెలీని మగ్గు. శుభ్రతే ప్రాణమైన టెస్టు చేసే చోట ఇదేం బాత్రూమ్ అండీ! అత్తగారు లోపలికి తొంగి చూసి గుమ్మంలోంచే వెనక్కి వచ్చేసింది. ఇంటి దగ్గర పట్టి తెస్తామంటే రెండు గంటల్లోపు తెచ్చేయండి, లేటయ్యేలా ఉంటే ఐసులో పెట్టండి, బయట వేడికి సీసాలోనే బ్యాక్టీరియా పెరిగిపోయి లెక్క తప్పుతుంది అన్నాడు. ఏప్రిల్ ఎండ, ఆటో దొరుకుతుందో లేదో అని సీసాని కవర్లో చుట్టి స్టీలు టిఫిన్ డబ్బాలో ఐసు వేసి తీసుకెళ్లాను. "ఆ డబ్బా మళ్లీ వంటింట్లోకి తెచ్చావో చూడు" అని అత్తగారు మెట్ల మీదనుంచి అరుస్తూనే ఉంది. డబ్బా ఇప్పుడు పెరట్లో మొక్కలకి నీళ్లు పోస్తోంది.

మూడో రోజు రిపోర్టు కోసం వెళ్తే నా చదువు సంగతి తెలిసి ఆ అబ్బాయి ప్లేటు చూపించాడు, మూత తీయకుండా, నన్ను ముట్టుకోనివ్వకుండా. ఎన్నేళ్లయిందో చూసి. గంజి పేరినట్టు లేత రంగులో ఉన్న అగర్ (బ్యాక్టీరియాని పెంచే జెల్లీ) మీద బూడిద రంగు పొర పల్చగా అలికినట్టు పరుచుకుని ఉంది, అదంతా అత్తగారి బ్యాక్టీరియానే. దాని మీద బొట్టుబిళ్లలంత తెల్ల కాగితం బిళ్లలు వరసగా, ఒక్కో బిళ్లలో ఒక్కో మందు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా చచ్చి, ఖాళీ వలయం ఒకటి కనిపించాలి. సెఫిక్సిమ్ బిళ్ల చుట్టూ ఏమీ లేదు, పొర బిళ్లని ఆనుకుని పెరిగింది. సిప్రోఫ్లాక్సాసిన్ దగ్గరా అంతే. నైట్రోఫ్యూరాంటాయిన్ చుట్టూ చక్కగా ముగ్గు చుక్క చుట్టూ వలయం గీసినట్టు ఖాళీ.

నాకు బాగా గుర్తుండిపోయింది ఇంకోటి. సెఫోటాక్సిమ్ బిళ్ల పక్కన క్లావులానిక్ యాసిడ్ కలిసిన బిళ్ల పెట్టాడు. సెఫోటాక్సిమ్ చుట్టూ మిగతా వైపులంతా పొర దగ్గరదాకా వచ్చేసింది, క్లావులానిక్ ఉన్న వైపు మాత్రం ఖాళీ సాగి, రెండు బిళ్లల మధ్య తాళంకప్ప కన్నంలా కనిపిస్తోంది. ఈ బ్యాక్టీరియా మందుని ముక్కలు చేసే ఎంజైమ్ ఒకటి తయారుచేసుకుంటోంది, క్లావులానిక్ యాసిడ్ ఆ ఎంజైమ్ చేతులు కట్టేసిన చోట మాత్రం మందు పనిచేస్తోంది అని దానర్థం. దీన్నే ఈఎస్‌బీఎల్ అంటారు. రిపోర్టులో "ఈ. కోలై, లక్ష కాలనీల పైన, ఈఎస్‌బీఎల్ పాజిటివ్" అని ఉంది.

ఈ ఆనందంలో బయటికి వస్తే కౌంటర్ దగ్గర కుర్రాడు కాగితం మీద వరసగా ఉన్న ఆర్‌లు (ఆ మందు పనిచేయదని గుర్తు) చూసి పెదవి విరిచి, "మీ అత్తగారి బాడీకి మందులన్నీ అలవాటైపోయాయి మేడమ్, ఇంక పెద్ద డోసు పడాల్సిందే" అన్నాడు. అత్తగారు అక్కడే బెంచీ మీద కూలబడింది. "నా ఒల్లు పాడైపోనాదన్నమాట" అని ఇంటికొచ్చేదాకా అదే మాట. ఈ ఒక్క వాక్యానికి మూడు స్టార్లు కోసేశాను. ఊళ్లో సగం మంది ఇదే మాట అంటారు కాబట్టి కాస్త ఓపిగ్గా రాస్తాను.

ఒంటికి మందు అలవాటు కాలేదు. ఒంట్లో కాపురం ఉంటున్న బ్యాక్టీరియా మారింది. అది మారింది కూడా మూత్రాశయంలో కాకపోవచ్చు, పేగుల్లోనే అయ్యుంటుంది. యూరిన్ ఇన్ఫెక్షన్ తెచ్చే ఈ. కోలై మామూలుగా మన పెద్దపేగులో ఉండేదే. ఆడవాళ్లకి మూత్రనాళం పొట్టిది, మలద్వారానికి దగ్గర, అక్కడినుంచి ఇక్కడికి రావడం దానికి పెద్ద ప్రయాణం కాదు. మనిషి ఒంట్లో మొత్తం బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు ఉంటాయని 2016లో ఒక లెక్క వేశారు, అందులో దాదాపు అన్నీ పెద్దపేగులోనే. రథయాత్ర రోజు పూరీ బడదండ చూసినవాళ్లకి ఆ ఇరుకు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ ఇరుకులో ఒకదానికొకటి రాసుకుంటూ ఉన్నప్పుడు జన్యువులు చేతులు మారతాయి.

ఎలాగంటే, చాలా బ్యాక్టీరియాల్లో అసలు డీఎన్‌ఏ కాక ప్లాస్మిడ్ అని చిన్న డీఎన్‌ఏ చుట్ట విడిగా ఉంటుంది, గాజులా గుండ్రంగా. మందుని తట్టుకునే జన్యువులు చాలావరకు దాని మీదే ఉంటాయి. ప్లాస్మిడ్ ఉన్న బ్యాక్టీరియా సన్నటి పోగు ఒకటి బయటికి చాపి పక్కదాన్ని పట్టుకుని దగ్గరికి లాక్కుంటుంది. ప్లాస్మిడ్ డీఎన్‌ఏకి ఉండే రెండు పోగుల్లో ఒకటి అవతలికి జారుతుంది, ఒకటి ఇవతల మిగులుతుంది, ఎవరి పోగుకి వాళ్లు జత అల్లేసుకుంటారు. దీపంతో దీపం వెలిగించినట్టే, ఇచ్చినదానికి తరిగేదేమీ లేదు. కాసేపటికి పుచ్చుకున్నది కూడా ఇంకోదానికి ఇస్తుంది. దీన్ని కాంజుగేషన్ అంటారు, 1946లో లెడర్‌బర్గ్, టాటమ్ ఈ. కోలైలోనే కనిపెట్టారు. పిల్లలకి ఆస్తి రాసిచ్చినట్టు తరం నుంచి తరానికి పోవడం వేరు, ఇది ఇరుగుపొరుగు వ్యవహారం. పైగా ఒకే జాతి అయ్యుండాలని కూడా లేదు, ఈ. కోలై నుంచి క్లెబ్సియెల్లాకి, షిగెల్లాకి, సాల్మొనెల్లాకి కూడా దాటుతుంది. చచ్చిన బ్యాక్టీరియా వదిలేసిన డీఎన్‌ఏ ముక్కని ఏరుకోవడం, బ్యాక్టీరియాని పట్టే వైరస్‌లు పొరపాటున ఒకదాని జన్యువుని ఇంకోదాంట్లోకి మోసుకెళ్లడం లాంటి దారులు కూడా ఉన్నాయి గానీ మా ఇంటి కథలో పెద్ద దొంగ ప్లాస్మిడ్డే.

ఇది ఇవాళ కొత్తగా తెలిసిందా అంటే అదీ కాదు. జపాన్‌లో 1950లలో రక్తవిరేచనాల షిగెల్లా ఒక్కసారిగా నాలుగు మందులకి లొంగడం మానేసింది: సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్. నాలుగింటికీ విడివిడిగా మారాలంటే యుగాలు పట్టాలి కదా. అదే రోగుల పేగుల్లో ఉన్న ఈ. కోలై కూడా అవే నాలుగు మందులకి లొంగడం లేదు. 1959లో ఒచియాయ్, అకిబా ఈ రెండు జాతుల మధ్య ఆ గుణం మొత్తం మూటగా చేతులు మారుతోందని చూపించారు. అరవై ఏళ్లు దాటింది, మన కౌంటర్ దాకా ఇంకా రాలేదు.

మూటగా అన్నాను చూడండి, అత్తగారి రిపోర్టులో ఇన్ని ఆర్‌లు ఎందుకొచ్చాయో అక్కడ తెలుస్తుంది. ఆవిడ జన్మలో కోట్రైమాక్సజోల్ వేసుకోలేదు, అయినా దాని పక్కన ఆర్ ఉంది. ఒకే ప్లాస్మిడ్ మీద నాలుగైదు మందుల జన్యువులు వరసగా కూర్చుని ఉంటాయి. సెఫిక్సిమ్ వేసుకుంటే, సెఫిక్సిమ్‌ని తట్టుకున్నవే బతుకుతాయి, వాటితోపాటు మిగతా మందుల్ని తట్టుకునే గుణం కూడా ఫ్రీగా బతికిపోతుంది. ఒక టికెట్ మీద కుటుంబమంతా గుణుపూర్ రైలెక్కినట్టు. (సిప్రోఫ్లాక్సాసిన్‌ది కొంచెం వేరే, దానికి ఎక్కువగా బ్యాక్టీరియా సొంత డీఎన్‌ఏలో వచ్చే మార్పులే కారణం.)

ఇప్పుడు ఆ పెళ్లి భోజనం మాత్రల దగ్గరికి రండి. పేగులో ఈ. కోలై మైనారిటీ, వందలో ఒకటి కూడా ఉండదు మామూలుగా. మిగతా మంచి బ్యాక్టీరియా చోటూ తిండీ ఆక్రమించుకుని కొత్తవాళ్లని కాలు పెట్టనివ్వవు. మోషన్స్‌కని యాంటీబయాటిక్ వేయగానే ఆ కాపలా కాస్తా పోతుంది. ఖాళీ అయిన ఇంట్లో అద్దె కట్టకుండా దిగేది ఎవరు? మందుకి చావనివే. ఇంకో విడ్డూరం ఉంది. కలరా బ్యాక్టీరియాలో ఎస్‌ఎక్స్‌టీ అనే జన్యు మూట ఒకటుంది, 1992లో మద్రాసు రోగి నుంచి తీసిన బ్యాక్టీరియాలో దొరికింది. సిప్రోఫ్లాక్సాసిన్ తగిలి డీఎన్‌ఏ దెబ్బతింటే, ఆ బ్యాక్టీరియా కంగారులో ఆ మూటని పక్కవాటికి పంచడం చాలా రెట్లు పెరుగుతుందని 2004లో తేల్చారు. ఒఫ్లాక్సాసిన్ దాని చెల్లెలి వరసే. చంపడానికి వేసిన మందే పంపకానికి తొందరపెట్టింది! మామూలు మోషన్స్‌కి ఓఆర్‌ఎస్ కలుపుకుని, చోడి అంబలో పెరుగన్నమో తిని ఒకరోజు చూసుంటే సరిపోయేది.

ఈ పంపకం నిజం మనిషి కడుపులో జరిగిందని ఎలా నమ్మాలి అంటే ఎన్‌డీఎం కథ ఉంది. 2008లో స్వీడన్‌లో ఒక భారత సంతతి రోగి, అంతకుముందు న్యూఢిల్లీలో వైద్యం చేయించుకున్నాయన. మూత్రంలో దొరికిన క్లెబ్సియెల్లాలో మెరోపెనెమ్ లాంటి పెద్ద మందుల్ని కూడా విరిచేసే కొత్త జన్యువు కనిపించింది. మలం పరీక్ష చేస్తే అక్కడి ఈ. కోలైలో కూడా అదే జన్యువు. ఒకే మనిషి, రెండు జాతులు, ఒకే జన్యువు. ఒంట్లోనే చేతులు మారి ఉండొచ్చని పరిశోధకులు 2009లో రాశారు. ఆ జన్యువుకి న్యూఢిల్లీ పేరు మీదే ఎన్‌డీఎం అని పెట్టినందుకు మనవాళ్లకి కోపమొచ్చింది, అది వేరే పంచాయితీ. అత్తగారి రిపోర్టులో మెరోపెనెమ్ పక్కన ఎస్ (పనిచేస్తుందని గుర్తు) ఉంది. ఆ ఒక్క అక్షరం చూసి నేను ఆ రాత్రి నిద్రపోయాను.

ఇదంతా మా అత్తగారి తప్పు కూడా కాదు. నెదర్లాండ్స్ నుంచి విదేశాలకి వెళ్లొచ్చిన ప్రయాణికుల మలం పరీక్షించి 2017లో ప్రచురించారు. దక్షిణాసియాకి వచ్చి వెళ్లినవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది ఈఎస్‌బీఎల్ బ్యాక్టీరియాని పేగుల్లో మోసుకెళ్లారు. కొద్ది రోజులు ఉండి వెళ్లినవాళ్ల సంగతే అది, మనం ఇక్కడే పుట్టి, ఇక్కడి నీళ్లే తాగుతున్నాం. చాలామందిలో ఒకట్రెండు నెలల్లో అది పోయింది, పదిమందిలో ఒకరికి మాత్రం ఏడాది తర్వాత కూడా ఉంది. మందులు మధ్యలో పడకపోతే పాత కాపలాదారులు తిరిగొచ్చి వీటిని నెట్టేస్తాయన్నమాట. ఇదే నేను అత్తగారికి చెప్పాను, నీ ఒల్లు పాడవలేదు, కొన్నాళ్లు దాని మానాన దాన్ని వదిలెయ్ అని. నమ్మిందో లేదో, కానీ ఆ రోజు రాత్రి బెండకాయ పులుసు తనే పెట్టింది.

డాక్టరు గారు క్రియాటినిన్ చూసి, కిడ్నీలు బాగానే ఉన్నాయని నిర్ధారించుకుని నైట్రోఫ్యూరాంటాయిన్ ఐదు రోజులు రాశారు. 1953 నాటి మందు. కొత్త ఖరీదైన మందులన్నీ చేతులెత్తేసిన చోట మా తాతల కాలం మాత్ర పనిచేసింది. అది చిన్నపేగులోనే పీల్చుకుపోయి మూత్రంలోకి వెళ్లిపోతుంది, పెద్దపేగులో ఉన్నవాటి జోలికి పెద్దగా పోదు, అది ఇంకా నచ్చింది నాకు. మూత్రం ముదురు రంగులో వస్తుంది, కంగారు పడకండి. మెడికల్ షాపాయన దాంతోపాటు ప్రోబయాటిక్ (మంచి బ్యాక్టీరియా) పొట్లాలు కూడా అంటగట్టబోయాడు, వద్దన్నాను. యాంటీబయాటిక్ తర్వాత ప్రోబయాటిక్ వేసుకుంటే మన సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం ఆలస్యమైందని 2018లో ఇజ్రాయెల్‌లో చూశారు. అదే షాపులో సెఫిక్సిమ్ ఎర్రగీత స్ట్రిప్పులు చీటీ లేకుండా బఠాణీల్లా అమ్ముతుంటారు. 2014 నుంచి సెఫిక్సిమ్ లాంటివి అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు విడి రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలని రూలు. రిజిస్టరు ఏదండీ అంటే ఆయన నా వైపు జనాభా లెక్కలకి వచ్చినదాన్ని చూసినట్టు చూశాడు.

మళ్లీ ల్యాబ్‌కి వస్తే, ఇంకో ఫిర్యాదు. రిపోర్టు మొత్తం ఇంగ్లీషు. ఎస్ అంటే పనిచేస్తుంది, ఆర్ అంటే పనిచేయదు, ఇంత చిన్న ముక్క ఒడియాలోనో తెలుగులోనో కింద అచ్చు వేస్తే ఏం పోయింది? గిడుగు రామమూర్తి గారు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి, జనం మాట్లాడే భాష కోసం పోట్లాడిన ఊరిది. పెద్ద లిస్టులో అన్నిటికంటే పైన ఆర్‌లు ఉండేసరికి ప్రతివాడూ భయపడుతున్నాడు, ఎస్ ఉన్నవి అడుగున ఎక్కడో చిన్న అక్షరాల్లో.

ఖర్చు ఆరువందల యాభై అయింది మాకు. ముందు ల్యాబ్‌లో పోయిన ఐదొందలు, ఇంజెక్షన్లు, మూడుసార్ల మాత్రలు కలిపితే దీనికి మూడింతలు ఎప్పుడో దాటింది. అత్తగారు ఇప్పుడు బాగుంది. రిపోర్టు ప్లాస్టిక్ కవర్లో పెట్టి రేషన్ కార్డు పక్కన బీరువాలో దాచింది, ఈసారి ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ముందు అది చూపించాలని నేనే చెప్పాను. నేను బాత్రూమ్ నుంచి వచ్చి రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుంటుంటే మాత్రం "కోడలికి ఈ వయసులో మడి పట్టింది" అని పక్కింటావిడతో అంటోంది.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. సీసా ముందురోజే తెచ్చుకుని ఇంట్లోనే పట్టండి, ఆ బాత్రూమ్‌ని నమ్ముకోవద్దు. శనివారం మాత్రం ఇవ్వకండి, ఆదివారం ప్లేటు చూసేవాడు రాడు, సోమవారం సాయంత్రం దాకా కౌంటర్ కుర్రాడి మొహం చూస్తూ కూర్చోవాలి. లోపలి అబ్బాయి డ్యూటీ పొద్దున్న ఎనిమిది నుంచి రెండు వరకు.